సీరియల్లో వేషం వచ్చిందని గంతులేస్తున్న మా చెల్లెలి కూతురికి

చిన్నీ,

హీరో చెల్లెలి వేషానికి నిన్ను ఖాయం చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పి ఏడ్చింది కూడా, సంతోషంతోనో భయంతోనో నాకు అర్థం కాలేదు. నువ్వేమో "పెద్దమ్మా, టిప్స్ ఇవ్వు" అని ఒక్క లైను మెసేజ్ పెట్టి ఊరుకున్నావు. అవి రెండు ముక్కల్లో తేలేవి కావు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు. మధ్యలో తిట్లు కూడా ఉంటాయి.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. సీరియల్ అంటే సినిమా కాదు, ఉద్యోగం అంతకన్నా కాదు, దినకూలీ. ఎంత పేరున్న ఆర్టిస్టుకైనా లెక్క రోజుకింత అనే. నీ ట్రాక్, అంటే నీ పాత్ర చుట్టూ తిరిగే కథ, జోరుగా నడుస్తుంటే నెలలో సగం రోజులు పిలుస్తారు, కథ హీరోయిన్ అత్తగారి వైపు తిరిగిందంటే నువ్వు రెండు మూడు రోజులు వచ్చి వెనక నిలబడి పోవడమే. రోజూ రాత్రి టీవీలో కనిపిస్తావు కాబట్టి రోజూ సంపాదిస్తున్నావని అందరూ అనుకుంటారు. మన చుట్టాలు కూడా అలాగే అనుకుని అప్పు అడుగుతారు, చూస్తుండు.

ఆ కూలీ అయినా సాయంత్రానికి చేతికి రాదు. ఈ నెల చేసిన పనికి డబ్బు రెండు మూడు నెలల తర్వాత పడుతుంది, అది మామూలు. నేను చేసిన ఒక సీరియల్ రేటింగ్ పడిపోయి అర్ధాంతరంగా ఆగిపోతే, రావలసిన డబ్బు కోసం మేనేజర్ చుట్టూ తిరగని రోజు లేదు. చివరికి సగం ఇచ్చి 'సర్దుకోండమ్మా' అన్నారు. అందుకని హైదరాబాద్ వెళ్లేటప్పుడు నాలుగు నెలల హాస్టల్ అద్దె, తిండి ఖర్చు బ్యాంకులో పెట్టుకునే వెళ్లు. లేకపోతే మొదటి నెలలోనే మీ నాన్నకి ఫోన్ చేయాల్సి వస్తుంది, ఆయన 'నేను ముందే చెప్పాను కదా' అంటాడు, ఆ మాట వినడం కంటే పస్తులుండటం నయం.

నువ్వు ఎన్ని రోజులు పని చేశావో నువ్వే ఒక పుస్తకంలో రాసుకో, తేదీ, సెట్ ఎక్కడ, ఎన్నింటికి వదిలారు, అన్నీ. ప్రొడక్షన్ మేనేజర్ లెక్కకీ నీ లెక్కకీ తేడా వస్తే గట్టిగా అడగడానికి కాగితం ఉండాలి. డబ్బులిచ్చేటప్పుడు టీడీఎస్ అని ఆదాయపన్ను కింద 10 శాతం ముందే పట్టుకుంటారు, అది నీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకుని ఏటా రిటర్న్ వెయ్యి, నీ ఆదాయానికి చాలావరకు వెనక్కి వస్తుంది. చాలామంది పిల్లలు ఆ డబ్బు ఊరికే వదిలేస్తున్నారు. పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు. హెల్త్ ఇన్సూరెన్స్ నువ్వే కట్టుకోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిన షూటింగులు జూన్‌లో గానీ మొదలవలేదు, ఆ మధ్యలో తెర మీద మహారాణులుగా కనిపించినవాళ్లు నగలు తాకట్టు పెట్టడం నాకు తెలుసు.

పాతకాలం సినిమా నటుడు, మన చిత్తూరు నాగయ్య గారి సంగతి మీ తరానికి ఎవరూ చెప్పి ఉండరు. ఆయన పుట్టింది రేపల్లెలో, కానీ నాటకాలాడి పేరు తెచ్చుకున్నది చిత్తూరులో, అందుకే ఆ ఊరే ఇంటిపేరైపోయింది. ఒకప్పుడు సౌత్‌లో ఆయనంత సంపాదించిన నటుడు లేడనేవాళ్లు, 1965లో పద్మశ్రీ కూడా వచ్చింది. అడిగినవాళ్లకి అడిగినంత ఇచ్చాడు, సొంతంగా సినిమాలు తీశాడు, చివరి రోజుల్లో చిన్నా చితకా వేషాలు వేసుకుంటూ ఇబ్బందుల్లోనే 1973లో పోయాడు. దానం చెయ్యొద్దని నేను అనను, నీది నీకు ఉన్నాక చెయ్యి.

ఇక సెట్ గురించి. నేను మొదలుపెట్టిన కాలంలో దూరదర్శన్‌లో వారానికొక ఎపిసోడ్, పదమూడు వారాల సీరియళ్లు, రిహార్సల్ చేసుకోవడానికి టైముండేది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి, ఆ తర్వాత డైలీ సీరియళ్లు ఊపందుకున్నాయి, దాంతో రిహార్సల్ అన్నమాటే పోయింది. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను ఇరవై నిమిషాల పైచిలుకు సరుకు కావాలి, రోజుకి దాదాపు ఒక ఎపిసోడ్ తియ్యకపోతే నిర్మాతకి గిట్టదు. స్క్రిప్టు ముందురోజు రాత్రి ఇస్తే అదృష్టం, చాలాసార్లు మేకప్ వేసుకుంటుండగా వాట్సాప్‌లో వస్తుంది. అందుకే ప్రాంప్టింగ్ పెడతారు. కెమెరా పక్కన కూర్చుని అసిస్టెంట్ డైలాగు చదువుతుంటాడు, నువ్వు అది వింటూ, విననట్టు కనపడుతూ చెప్పాలి. కొత్తవాళ్ల కళ్లు ఆ గొంతు వైపు జారతాయి, క్లోజప్‌లో అది పట్టిచ్చేస్తుంది. దీనికి ఒక కిటుకుంది. ఎదుటి ఆర్టిస్టు రెండు కళ్లనీ చూడకు, కెమెరా వైపున్న కన్ను ఒక్కదాన్నే చూడు, చూపు కుదురుగా ఉంటుంది. నువ్వు ఒక వాక్యం చెబుతుండగానే ప్రాంప్టర్ తర్వాతిది అందిస్తాడు, నోరు ఒకటి అంటుంటే చెవి ఇంకొకటి పట్టుకోవాలి. ఇంట్లో మీ తమ్ముడి చేత న్యూస్‌పేపర్ చదివించుకుని ప్రాక్టీస్ చెయ్యి, వాడికీ కాస్త చదవడం వస్తుంది.

ఇంకోటి, నీ క్లోజప్‌కి టైమొచ్చేసరికి ఎదుటివాళ్లు ఉండరు. పెద్ద ఆర్టిస్టులు తమ షాట్లు ముందు తీయించుకుని వెళ్లిపోతారు. అప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ పిడికిలి ఎత్తి 'మేడమ్, ఇక్కడ లుక్' అంటాడు, ఆ పిడికిలిని మీ అన్నయ్య అనుకుని ఏడవాలి నువ్వు. నవ్వొస్తుంది మొదట్లో. నాకైతే ఒకసారి పిడికిలి బదులు టీ గ్లాసు పట్టుకున్నాడొకడు, అందులో ఈగ పడింది, నేను భోరుమని ఏడవాల్సిన సీను! కన్నీళ్లు రావడానికి పూసే గ్లిజరిన్ మాత్రం తక్కువ వాడు, కంటి కింద కొంచెం చాలు, రోజంతా అదే పూస్తుంటే రాత్రికి కళ్లు మండిపోతాయి.

చెల్లెలి వేషంలో నీకు డైలాగులు తక్కువే ఉంటాయి, రియాక్షన్లు ఎక్కువ. ఎవరో ఏదో అంటారు, మ్యూజిక్ ఢాం అంటుంది, కెమెరా వరుసగా అందరి మొహాల మీదకీ వెళ్తుంది. అక్కడే చాలామంది కళ్లు పెద్దవి చేసి ఊరుకుంటారు. ఆ మాట నీ పాత్రకి ముందే తెలుసా, తెలియదా, లోపల సంతోషించే విషయమా అని ఒక్క క్షణం ఆలోచించుకుని మొహం పెట్టు. డైరెక్టర్‌కి టైముండదు గానీ ఎడిటింగ్‌లో కూర్చున్నవాడికి తెలుస్తుంది, పనికొచ్చే మొహం ఎవరిదో. అలా ఎడిటర్ వాడుకున్న ముక్కల వల్లే పాత్రలు పెరిగినవాళ్లున్నారు.

చీరల ఖర్చు చూసి గుండె బేజారవుతుంది. హీరోయిన్‌కి ప్రొడక్షన్ ఇస్తుందేమో గానీ మనలాంటి ప్యాడింగ్ ఆర్టిస్టులకి, అంటే పక్క వేషాలవాళ్లకి, చాలాచోట్ల సొంత బట్టలే. సన్న గళ్లు, సన్న చారలు కొనకు, కెమెరాలో అలల్లా కదులుతాయి. ఏ సీనుకి ఏ డ్రెస్, ఏ కమ్మలు, జడ ఎటు వేశారు అని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో, ఎందుకంటే అదే సీను మిగతా సగం పది రోజుల తర్వాత తీస్తారు, రెండు సగాలూ ఒకేలా కనపడకుండా కంటిన్యుటీ తప్పితే తిట్లు నీకే. అమ్మమ్మ పట్టుచీరలు మాత్రం సెట్టుకి పట్టుకెళ్లకు, అవి నాకు కావాలి.

గురువారం వచ్చిందంటే సెట్లో మొహాలు మారిపోతాయి. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ రేటింగులు వచ్చేది ఆ రోజే. రేటింగ్ తగ్గితే కథ మారుతుంది, కథ మారితే నీ పాత్ర అమెరికా వెళ్లిపోతుంది, కోమాలోకి పోతుంది, లేదా ఒక సోమవారం నీ బదులు ఇంకో అమ్మాయి వచ్చి 'అన్నయ్యా' అంటుంది, జనం రెండు రోజులు గొణుక్కుని మూడో రోజుకి అలవాటు పడతారు. దానికి నీ నటనతో సంబంధం ఉండకపోవచ్చు. ఇది చెప్పేది నిన్ను భయపెట్టడానికి కాదు, పాత్రని ఇంటికి తెచ్చుకోవద్దని. హీరోయిన్లని బెంగళూరు నుంచి, కేరళ నుంచి తెచ్చుకుంటారు, మన తెలుగు పిల్లలకి చెల్లెలు, స్నేహితురాలు, ఆడపడుచు ఇస్తారు అని అందరూ గొణుగుతారు. నిజమే. కానీ వాళ్లకి వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పాలి, నీ గొంతు నీదే, అది నీకు అన్నం పెట్టగలదు. అందుకే వెళ్లేలోపు మన ఆకాశవాణి తిరుపతి కేంద్రంలో నాటకాలకి ఆడిషన్ ఎప్పుడు పెడతారో కనుక్కో. మైక్ ముందు నిలబడి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ నేర్చుకున్నంత బాగా ఏ యాక్టింగ్ స్కూల్లోనూ నేర్చుకోలేవు, వాళ్లు ఫీజు మాత్రం లక్షల్లో గుంజుతారు. నీకు తమిళం వచ్చు కదా, దాన్ని తుప్పు పట్టనివ్వకు. హైదరాబాద్ వెళ్లాలంటే మనకి రాత్రంతా నారాయణాద్రి రైల్లో ప్రయాణం, చెన్నై అయితే పొద్దున బస్సెక్కి మధ్యాహ్నం షూటింగ్ చేసుకోవచ్చు. రెండు ఊళ్లలోనూ నీ ఫోటోలు తిరుగుతుండాలి.

సిగ్గు పడకుండా చెప్పే మాట ఒకటుంది. షూటింగ్ బంగళాల్లో ఆడవాళ్లకి బాత్రూమ్ సరిగ్గా ఉండదని నీళ్లు తాగడం మానేస్తారు పిల్లలు. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రి పాలయ్యాక తెలుస్తుంది. నీళ్లు తాగు, బాత్రూమ్ కావాలని గట్టిగా అడుగు, నిన్ను చూసి పక్కనున్న నలుగురు పిల్లలు కూడా నోరు తెరుస్తారు. రాత్రి తొమ్మిదికి పేకప్, అంటే ఆ రోజుకి షూటింగ్ అయిపోయింది, అన్నారంటే నిన్ను హాస్టల్ దాకా దింపే బండి ఎవరిదో, డ్రైవర్ ఎవరో పొద్దునే కనుక్కో. 'రేపు ఒక్కదానివే రా, కథ డిస్కస్ చేద్దాం' అని హోటల్ రూముకి పిలిస్తే, ఎంత పెద్దవాడైనా సరే, వెళ్లొద్దు. ఛానెల్ ఆఫీసుల్లో, పెద్ద నిర్మాణ సంస్థల్లో ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నుంచి చట్టం ఉంది, ఉందో లేదో ధైర్యంగా అడుగు, హైదరాబాద్‌లో ఆడవాళ్ల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ఆడిషన్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాడు ఎవడైనా దొంగే, ఇందులో చర్చ అక్కర్లేదు.

ఏదో ఒక రోజు నీ పాత్రని విలన్‌గా మారుస్తారు, చెల్లెళ్లని అలా మార్చడం వీళ్లకి సరదా. అప్పుడు మన ఊళ్లోనే ఉంటుంది అసలు పరీక్ష. మన తిరుపతి గంగమ్మ జాతరలో బండ వేషం వేసుకున్నవాడు వీధిలో నానా బూతులు తిట్టినా మనం నవ్వుకుంటూ దణ్ణం పెడతాం, అది వేషమని ఊరంతటికీ తెలుసు. టీవీ విషయంలో ఆ తెలివి ఎక్కడికి పోతుందో! తిరుమల క్యూలో ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ కోడలిపిల్లని ఎందుకట్లా రాచిరంపాన పెడతావు, నీకు ఆడపిల్లల్లేరా" అని కడిగేసింది, వెనకున్న పదిమంది ఆవిడకే వంతపాడారు. ఎదురు చెప్పకు. నవ్వి ఊరుకో. ఇన్‌స్టాగ్రామ్‌లో తిట్టేవాళ్లకి మాత్రం జవాబివ్వొద్దు, వాళ్లు ముసలావిళ్లు కారు.

నీ చివరి సెమిస్టర్ పరీక్షలు రాసిగానీ రైలెక్కకు. డేట్లు కుదరవని మేనేజర్ అంటే పరీక్షల టైమ్‌టేబుల్ ముందే పంపించు, చెల్లెలి పాత్రని నాలుగు రోజులు కాలేజీ టూర్‌కి పంపడం రైటర్‌కి పెద్ద పనేమీ కాదు.

అగ్రిమెంట్ వచ్చాక సంతకం పెట్టేముందు ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు. నేను చూసేవి ఇవీ: ఎన్నాళ్లు వేరే ఛానెల్లో చెయ్యకూడదన్నారు, ఆ కాలంలో నెలకి కనీసం ఎన్ని రోజుల పని ఇస్తామన్నారు, నువ్వు మానేస్తే ఎంత ముందు చెప్పాలి, వాళ్లు తీసేస్తే నీకు ఎంత ముందు చెబుతారు. మొదటిది రాసి రెండోది రాయకపోతే ఒప్పుకోవద్దు, పని ఇవ్వకుండా కట్టేసి కూర్చోబెడతారు. రాత్రి పదిన్నర దాకా మేలుకునే ఉంటాను, ఎప్పుడైనా పంపు.

మీ పెద్దమ్మ,
బైరాగిపట్టెడ, తిరుపతి