గుంటూరు సభలో మాట్లాడబోయే అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

విజయవాడ

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే ఆదివారం గుంటూరులో పాఠకుల సభలో ఆర్వెల్ రాసిన ‘1984’ నవల మీద నువ్వు మాట్లాడబోతున్నావనీ, నియంతృత్వమూ దాని చాటున పుట్టే రహస్య కూటములూ నీ అంశమనీ మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు ఎంత గర్వం కలిగిందో అంత గుబులూ కలిగింది. నువ్వు రాసుకున్న రెండు పేజీలు కూడా మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. అవి చదివాక గుబులే కాస్త పైచేయి అయి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు వేరే చెప్పనక్కర్లేదు. నవల మరొకసారి చదువు, కావలసిన పేజీలకు గుర్తులు పెట్టుకో, కథంతా అప్పజెప్పకు, ఇచ్చిన సమయానికి కాస్త ముందే ముగించు.

నన్ను వేధిస్తున్నది వేరే సంగతి. ఈ నవల చదివినవాళ్ళందరూ నియంత ‘పెద్దన్న’ బొమ్మ గురించీ, గోడ మీద నుంచి రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండే టెలిస్క్రీన్ గురించీ, పాత పత్రికలను దిద్ది చరిత్రనే మార్చేసే శాఖ గురించీ మాట్లాడతారు. ఆ పీడన చూసి మండిపడడానికి పాఠకుడు పెద్దగా కష్టపడనక్కర్లేదు, రచయితే ఆ ఏర్పాటంతా చేసిపెట్టాడు. కథానాయకుడు విన్‌స్టన్, అతని ప్రియురాలు జూలియా పాలక పార్టీని ఎదిరించే రహస్య కూటమిలో చేరాలని, ఆ పార్టీలోనే పెద్ద అధికారి అయిన ఓబ్రియన్ ఇంటికి కలిసి వెళ్ళే ఘట్టం వచ్చేసరికి మాత్రం ‘అమ్మయ్య, తిరుగుబాటు మొదలైంది’ అనుకుని గబగబా పేజీ తిప్పేస్తారు. పాఠకులు ఏళ్ళ తరబడి చేస్తున్న పొరపాటు ఇది. నీ రెండు పేజీల్లోనూ ఆ సమావేశాన్ని ‘ప్రేమ ధైర్యంగా మారిన క్షణం’ అని రాశావు చూడు, అది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. అంత తొందరగా మురిసిపోతే ఎలా?

ఆ ఘట్టాన్ని మెల్లగా చదువు. ఓబ్రియన్ వాళ్ళ కళ్ళ ముందే టెలిస్క్రీన్ ఆపేస్తాడు. ఆ ఒక్క చేష్టకే విన్‌స్టన్ కరిగిపోయి, తాము పార్టీకి శత్రువులమని నోరారా ఒప్పేసుకుంటాడు. నిఘాను ఆపగల అధికారం ఉన్నవాడు ఆ నిఘా పెట్టినవాళ్ళలో ఒకడు కాకుండా ఎలా ఉంటాడన్న ఆలోచన అతనికి రాదు, చదివే మనకూ రాదు. తరువాత వైన్ పోసి ఓబ్రియన్ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతాడు. హత్య చేస్తారా? వందలమంది అమాయకులు చచ్చిపోయే విధ్వంసానికి సిద్ధమేనా? పసిపిల్లవాడి మొహాన యాసిడ్ పోస్తే మన పని నెరవేరుతుందంటే పోస్తారా? అన్నిటికీ సిద్ధమేననే సమాధానం వస్తుంది. మీరిద్దరూ విడిపోయి మళ్ళీ ఎన్నడూ కలుసుకోకుండా ఉండగలరా అన్నప్పుడు మాత్రమే ఇద్దరూ కాదంటారు. ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన వార్తలు మన పత్రికల్లో చదివి కడుపు రగిలిన మనం కూడా, వాళ్ళు మంచి పక్షంవాళ్ళు కదా అని, ఆ సమాధానం దగ్గర ఆగకుండా వెళ్ళిపోతాం. మూడో భాగంలో, చెరలో చిక్కి శల్యమైన విన్‌స్టన్ తాను పార్టీ కన్నా నీతిమంతుణ్ణని అన్నప్పుడు అతణ్ణి హింసిస్తున్న ఓబ్రియనే ఆ రాత్రి సంభాషణను రికార్డు వేసి వినిపిస్తాడు. నీ ప్రసంగానికి గుండెకాయ అక్కడుంది, అమ్మా. పీడకుడు తన మీద తిరుగుబాటును కూడా తానే నడిపించి, అందులో చేరడానికి వచ్చినవాళ్ళ చేత తన భాషే మాట్లాడించాడు.

ఆర్వెల్‌కు ఇది ఊహలో తట్టిన సంగతి కాదు. మన దేశంలోనే, మోతీహారిలో 1903లో పుట్టి, బర్మాలో సామ్రాజ్య పోలీసుగా పనిచేసి, పీడించే చేతిని లోపలి నుంచి చూశాడు. 1937లో స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడుతూ గొంతులో తూటా దెబ్బ తిన్నాడు. కోలుకునే లోపే అతను చేరిన దళాన్ని నిషేధించారు, తోటివారిని జైళ్ళలో పెట్టారు, అతనూ భార్యా తప్పించుకుని ఫ్రాన్సు చేరారు. ఆ పని చేసింది ఎదుటి పక్షం కాదు, తన పక్షంలోనే ఉన్న మరో వర్గం. ఇది రెండు వాక్యాల్లోనైనా సభలో చెప్పు.

నా భయానికి వేరు మరింత దగ్గరలో ఉంది. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. మా వీధిలో కొందరు కుర్రాళ్ళు రాత్రిపూట సైక్లోస్టయిల్ కాగితాలు తీసి పంచేవారు. వాళ్ళలోకి కొత్తగా వచ్చిన ఒకాయన అందరికన్నా ఆవేశంగా మాట్లాడేవాడు, ‘ఈ కాగితాలతో ఏమవుతుంది, ఇంకా పెద్ద పని చేయాలి’ అని రెచ్చగొట్టేవాడు. కుర్రాళ్ళను పోలీసులు తీసుకువెళ్ళిన రోజు నుంచి ఆయన ఎవరికీ కనిపించలేదు. ఆ కుర్రాళ్ళలో ఒకడి తల్లికి రోజూ క్యారియరులో అన్నం పంపిన ఎదురింటావిడ మాత్రం ఏ ప్రమాణమూ చేయలేదు, ఎవరి చేతా చేయించలేదు. నియంతృత్వంలో మనుషులు చేతులు కలపడం అంటే నాకు ఇప్పటికీ ఆవిడే గుర్తుకు వస్తుంది.

ఆ నవలలోనూ అలాంటిది ఉంది, నువ్వు గుర్తు పెట్టుకోలేదు. విన్‌స్టన్ తన చెల్లెలి చేతిలోని చాక్లెట్ లాక్కుని పారిపోతున్నప్పుడు, ఇవ్వడానికి ఇంకేమీ లేని తల్లి ఆ పాపను దగ్గరకు తీసుకుంటుంది. దానివల్ల పాప ప్రాణం నిలవదని ఆమెకు తెలుసు, అయినా తీసుకుంటుంది. ఓబ్రియన్ ఇంట్లో చేసిన ప్రమాణాన్ని ఈ తల్లి పక్కన పెట్టి చూపించు.

ఇంకొక మాట. గుంటూరులో నిలబడి ఈ అంశం మాట్లాడుతూ ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని ఎత్తకపోతే నేను ఒప్పుకోను. రాయవేలూరు జైల్లో రాసిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులో తమ్ముడు సంగదాసు నలుగురిలో నిలబడి పనిచేస్తాడు. అతని హత్య తరువాత అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారి రహస్య దళం కడతాడు. అన్నదమ్ముల్లో ఎవరిది సరైన దారి అన్న తగువు మన పాఠకులకు ఓబ్రియన్ కన్నా ముందే పరిచయం.

సభలో ఎవరో ఒకరు తప్పకుండా ‘మరి విన్‌స్టన్ చేతులు ముడుచుకుని కూర్చోవాలా?’ అని అడుగుతారు. కంగారు పడకు. ఆ రహస్య కూటమి అసలు ఉందో లేదో కూడా ఆర్వెల్ చెప్పలేదు. విన్‌స్టన్ అడిగినా, అది నీకు ఎన్నటికీ తెలియదని ఓబ్రియన్ అంటాడు. కాబట్టి లేని జవాబును నువ్వు అల్లి చెప్పవద్దు. ఓబ్రియన్ ప్రశ్నలను వరుసగా చదివి, మీరైతే ఏ ప్రశ్న దగ్గర లేచి వచ్చేసేవారని వాళ్ళనే అడుగు. చిన్నప్పుడు నేను కథ చెబుతుంటే మధ్యలో ఆపి ‘రాక్షసుడి దగ్గర పనిచేసేవాళ్ళు ఎందుకు పారిపోలేదు?’ అని నిలదీసిన దానివి, నీకు ఈ పని కొత్త కాదు.

సభ ముగిశాక చీకట్లో బస్సు ఎక్కవద్దు. సోమవారం పొద్దున్నే బయలుదేరి ఇక్కడికి రా. ఎవరెవరు ఏ ప్రశ్న దగ్గర ఆగారో, నువ్వు ఎక్కడ ఆగావో నాకు వివరంగా చెప్పాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మ