రెనో రేసుల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పేజీలన్నీ రెండుసార్లు చదివాను. పాత యుద్ధ విమానాల రేసుల గురించి తెలుగులో రాయాలని ఒక కుర్రాడు పూనుకోవడమే నాకు పెద్ద సంతోషం. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేజీలో వేగం, రెండో పేజీలో వేగం, ఆ తర్వాత పైలట్ల ధైర్యం. మెకానిక్కుల దగ్గరికి వచ్చేసరికి చివరి పేజీ అయిపోవచ్చింది. "క్రూ రాత్రంతా కష్టపడి ఇంజన్ మార్చారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు కావలసిన కథంతా ఆ వాక్యంలోనే ఉంది. ఇంజన్ ఎందుకు మార్చాల్సి వచ్చింది? కొత్తది ఎక్కడినుంచి వచ్చింది? క్రేన్ ఎవరిది? లైటు ఎవరు పట్టుకున్నారు? తెల్లారాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాక్‌పిట్‌లో ఎవరున్నారు? ఇవి అడక్కుండా వచ్చేశావంటే మళ్ళీ వెళ్ళాల్సిందే.

మన పాఠకుడికి ఈ ఆట కొత్త. కాబట్టి నేపథ్యం చెప్పాలి, కానీ ఒక్క పేరా చాలు. 1964లో బిల్ స్టెడ్ అనే రాంచర్, అంటే పశువుల పెంపకందారు, అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో రెనో దగ్గర ఈ రేసులు మొదలుపెట్టాడు. 1966 నుంచి అవి ఊరికి ఉత్తరాన ఉన్న పాత ఎయిర్‌ఫోర్స్ బేస్, స్టెడ్ ఫీల్డ్‌కి మారాయి. ఎడారిలో పైలాన్లు అనే స్తంభాలు పాతి, వాటి మీద నూనె డ్రమ్ములు బిగించి, వాటి చుట్టూ ఎడమవైపు తిరుగుతూ పోటీ. రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్టాంగులు, బేర్‌క్యాట్‌లు, ఆ తర్వాతి సీ ఫ్యూరీలు అనే ఫైటర్ విమానాలు 'అన్‌లిమిటెడ్' తరగతిలో పరిగెత్తేవి. టీ-6లకు వేరే తరగతి ఉంది. మన వైమానిక దళం హార్వర్డ్ పేరుతో శిక్షణకు వాడింది ఈ టీ-6నే, ఆ ముక్క తప్పకుండా రాయి. మన ఊళ్ళలో రిటైరైన ఎయిర్‌ఫోర్స్ పెద్దాయన ఎవరైనా చదివితే ఆ ఒక్క మాటతో నీ వ్యాసంలోకి వచ్చేస్తాడు. రెనోలో చివరి రేసులు 2023 సెప్టెంబరులో జరిగాయి. 2025 నుంచి న్యూ మెక్సికోలోని రాజ్‌వెల్‌కి వెళ్ళిపోయాయి. నేపథ్యం ఇంతే. ఇక విమానం మూత తెరువు.

వేగం గురించి రాయొద్దని కాదు. 'రేర్ బేర్' అనే బేర్‌క్యాట్ 1989 ఆగస్టులో మూడు కిలోమీటర్ల కొలతలో గంటకు 528 మైళ్ళు, అంటే దాదాపు 850 కిలోమీటర్లు వెళ్ళిందని నువ్వు రాశావు. నిజమే. కానీ అది ఎలా సాధ్యమైందో చెప్పకపోతే అంకె గోడ మీద క్యాలెండర్‌లా ఉంటుంది. ఆ బేర్‌క్యాట్‌ని లైల్ షెల్టన్ 1969లో ఇండియానాలో ఒక కూలిపోయిన శకలంగా కొన్నాడు. తయారైనప్పుడు దానికున్న ఇంజన్ వేరు. ఇతను అంతకన్నా పెద్దదైన ఆర్-3350ని ఎక్కించాడు. బీ-29 బాంబర్లని లాగిన ఇంజన్ అది. ముక్కుకి ఆ బరువు సరిపడేలా, పొగ గొట్టాలు కుదిరేలా, పైన కప్పే రేకులు కొత్తగా వంచి బిగించేలా ఎన్ని చేతులు పడ్డాయో ఆలోచించు. శకలం కొన్న ఏడాదికీ ఈ రికార్డుకీ మధ్య ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో ఆ విమానం కింద పడుకుని లేచినవాళ్ళలో జీతం తీసుకున్నవాళ్ళు తక్కువ, సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఎక్కువ. నీ రికార్డు అంకె పక్కన వాళ్ళు కనిపించాలి.

మస్టాంగ్ సంగతీ అంతే. అందులో ఉండే మెర్లిన్ ఇంజన్‌కి యుద్ధకాలంలో టేకాఫ్‌కి ఇచ్చిన మానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లలోకి మిశ్రమాన్ని నెట్టే ఒత్తిడి, పాదరసం లెక్కలో 61 అంగుళాలు. రేసులో వంద దాటిస్తారు. అంత ఒత్తిడిలో సిలిండర్‌లోని మిశ్రమం పద్ధతిగా కాలకుండా ఒక్కసారిగా పేలుతుంది. దాన్నే డిటోనేషన్ అంటారు. అది మొదలైతే పిస్టన్ నిలవదు. అందుకని నీళ్ళూ మిథనాలూ కలిపి ఇంజన్‌లోకి చిమ్ముతారు. రేడియేటర్ మీద ఇంకో నీళ్ళ జల్లు. గాలిలో ఉన్న ఆ కాసేపట్లో ఒక పంపు మొరాయిస్తే నెలల పని క్షణాల్లో పోతుంది. మెర్లిన్ లోపల పిస్టన్లని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లు కూడా దాని సొంతవి కావు. వేరే కంపెనీ ఇంజన్ అయిన ఆలిసన్‌వి తెచ్చి వేస్తారు, అవి గట్టివి కాబట్టి. ఇది నాకు చెప్పిన మెకానిక్ ముఖంలో కనిపించిన గర్వం ఏ ట్రోఫీ పట్టుకున్న ముఖంలోనూ నేను చూడలేదు.

దగ్గరగా చూడడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. విమానాల్ని సిద్ధం చేసే స్టెడ్ పిట్స్‌లో ఒక సాయంత్రం హీట్ రేసు, అంటే ఫైనల్‌కి ముందు జరిగే పోటీ, అయ్యాక ఒక మస్టాంగ్ దగ్గర నిలబడ్డాను. ఇంజన్ కవర్లు తీసేశారు. లోహం ఇంకా వేడిగా టిక్కు టిక్కుమంటోంది. మెర్లిన్‌కి పన్నెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు. ఒకతను ఒక్కొక్కటే విప్పి, రంధ్రాలు చేసిన చెక్క పలకలో వరసగా గుచ్చుతున్నాడు, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా. ఇంకొకాయన, వయసు డెబ్భై దాటి ఉంటుంది, భూతద్దం పెట్టుకుని ప్రతి ప్లగ్గు కొనలోని తెల్లటి పింగాణీని చూస్తున్నాడు. ఆయన వెతుకుతున్నది అల్యూమినియం చుక్కల్ని. మిరియపు పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలు కనిపిస్తే ఆ సిలిండర్‌లో డిటోనేషన్ జరిగిందని, పిస్టన్ కరగడం మొదలైందని అర్థం. ఒక ప్లగ్గు దగ్గర ఆగాడు. తిప్పి చూశాడు. పక్కతన్ని పిలిచి చూపించాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మూడో మనిషి వెళ్ళి ఆయిల్ స్క్రీన్ విప్పడం మొదలుపెట్టాడు, అందులో లోహపు తునకలు ఉన్నాయేమో చూడడానికి. పైలట్ కాస్త దూరంలో మడత కుర్చీలో కూర్చుని వాళ్ళ వీపుల్నే చూస్తున్నాడు. అతని ముఖంలో ఉన్న టెన్షన్ గాలిలో ఉన్నప్పుడు కూడా ఉండి ఉండదు. మర్నాడు అతను ఎగరాలా వద్దా అన్నది ఆ పెద్దాయన భూతద్దం తేలుస్తుంది.

ఇలాంటి చోట కలం పెట్టు. రేర్ బేర్‌కైతే ప్లగ్గులు 36, 'డ్రెడ్‌నాట్' అనే సీ ఫ్యూరీకి ఇరవై ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కాబట్టి 56. అన్నీ చేత్తో విప్పి చేత్తో బిగించాల్సినవే.

అడగడం గురించి. "మీకు ఎలా అనిపించింది?" అని నువ్వు ప్రతి ఒక్కరినీ అడిగినట్టున్నావు, అందుకే జవాబులన్నీ ఒకేలా ఉన్నాయి. మెకానిక్‌ని అలా అడిగితే "బాగా అనిపించింది" అంటాడు. వస్తువుని అడుగు. ఆ రాత్రి ఏ పానా దొరకలేదు? ఏ బోల్ట్ చెయ్యి దూరని చోట ఉంది? రెండు గంటలకి తినడానికి ఎవరు ఏం తెచ్చారు? వస్తువు చేతికిస్తే జ్ఞాపకం దానంతట అదే వస్తుంది. వీలైతే ఇంటర్వ్యూ కుర్చీలో కాకుండా విమానం పక్కన నిలబెట్టి మాట్లాడించు. చెయ్యి రేకు మీద పడగానే నువ్వు ఊహించని మాటలు బయటికొస్తాయి. రెక్కల అతుకుల మీద టేపు అంటించి, నున్నగా రుద్ది, మైనం పూసిన పిల్లల్ని కూడా వదలకు. చాలామంది క్రూ చీఫ్‌లు ఆ పనితోనే మొదలయ్యారు. వంట చేసి పెట్టిన భార్యలు, ఖర్చుల లెక్క రాసిన అక్కచెల్లెళ్ళు ఉంటారు. బహుమతి డబ్బు ఒక ఇంజన్ ఖర్చుకి కూడా రాని ఆటలో ఇల్లు ఎలా నడిచిందో వాళ్ళకే తెలుసు. పైలాన్ కింద నిలబడి తలెత్తి చూస్తూ, విమానం డ్రమ్ముకి లోపలివైపు నుంచి కోసుకుపోయిందా లేదా అని తేల్చే జడ్జీలు ఇంకో లోకం. వాళ్ళ గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు.

పైలట్లని తక్కువ చెయ్యమని నా ఉద్దేశం కాదు. వాళ్ళు బాగా మాట్లాడతారు, ఎన్నోసార్లు చెప్పి చెప్పి కథ నున్నబడి ఉంటుంది. అందుకని రేసు గెలిచిన రోజు అడక్కు, ఇంజన్ ఆగిపోయిన రోజు అడుగు. ఇంజన్ చెడగానే ముక్కు పైకెత్తి ఉన్న వేగాన్నంతా ఎత్తుగా మార్చుకుంటారు. ఆపదలో ఉన్నామని తెలిపే 'మేడే' మాట రేడియోలో చెప్పి, ఏ రన్‌వే అందుతుందో అక్కడే తేల్చుకుంటారు. స్టెడ్ సముద్రమట్టానికి అయిదు వేల అడుగుల పైన ఉంది. గాలి పలచన, కాబట్టి నేలని తాకే వేగం ఎక్కువ. అప్పుడు పైనుంచి ఒక గొంతు వినిపించేది. పసుపు పచ్చ మస్టాంగ్‌లో పేస్ విమానం నడిపిన బాబ్ హూవర్ గొంతు. విమానాలన్నిటినీ పక్కపక్కన వరసలో తెచ్చి, "జెంటిల్మెన్, యూ హావ్ ఎ రేస్" అని వదిలేసి తను పైకి వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత రేసు అయ్యేదాకా పైనే తిరుగుతూ, ఎవరికి ఆపద వచ్చినా వాళ్ళ పక్కకి దిగి ధైర్యం చెప్తూ నేల దాకా తీసుకొచ్చేవాడు. ఆయన తర్వాత ఆ పని చేసిన స్టీవ్ హింటన్ కథ నీకు తెలిసే ఉంటుంది. 1979 ఆగస్టులో 'రెడ్ బ్యారన్'తో గంటకు 499 మైళ్ళ రికార్డు పెట్టాడు. మరుసటి నెలలోనే రెనోలో అదే విమానం కూలి, తీవ్రమైన గాయాలతో బతికాడు. 2009లో ఆయన కొడుకు 22 ఏళ్ళకే 'స్ట్రేగా' మస్టాంగ్‌తో అన్‌లిమిటెడ్ గెలిచాడు. తండ్రి కూలిన చోటే కొడుకు అంత వేగంతో తిరుగుతుంటే కింద ఉన్న పాత క్రూ వాళ్ళు ఏం చేస్తూ ఉండిపోయారు? ఆ ప్రశ్న ఎవరినైనా అడిగి రా.

ఇప్పుడు నువ్వు పూర్తిగా దాటేసిన విషయం. చావు. నువ్వు ఎందుకు దాటేశావో ఊహించగలను, సంబరంగా రాస్తున్న వ్యాసంలో అది ఇమడలేదు. కానీ అది లేకుండా రాస్తే ఆ హ్యాంగర్‌లో ఉన్నవాళ్ళకి అన్యాయం చేసినట్టే. 1998లో 'వూడూ' మస్టాంగ్ రేసులో ఉండగా తోక దగ్గర ఎడమవైపు ట్రిమ్ ట్యాబ్, అంటే ముక్కు పైకీ కిందకీ పోకుండా సరిచేసే చిన్న రేకు, ఊడిపోయింది. విమానం ఒక్క ఊపున పైకి లేచింది, పైలట్ బాబ్ హన్నాకి స్పృహ తప్పింది. తెలివొచ్చేసరికి వేల అడుగులు పైకెక్కి ఉన్నాడు, క్షేమంగా దిగాడు. 2011 సెప్టెంబరు 16న 'గ్యాలపింగ్ ఘోస్ట్'లో దెబ్బతిన్నదీ ఆ ఎడమవైపు ట్రిమ్ ట్యాబే. ఈసారి విమానం ప్రేక్షకుల ముందు పడింది. పైలట్ జిమ్మీ లీవర్డ్‌తో కలిపి 11 మంది పోయారు. స్క్రూలని పట్టి ఉంచే లాక్‌నట్‌ల లోపలి భాగం పాడైపోవడం వల్ల స్క్రూలు వదులయ్యాయని, విమానానికి చేసిన పెద్ద మార్పులని సరిగా నమోదు చెయ్యలేదని, పరీక్షించలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది.

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండు. బోర్డు నివేదిక ఎవరైనా చదవొచ్చు, అందులో ఉన్నది ఉన్నట్టు రాయి. దానికి నీ ఊహ ఒక్క ముక్క కూడా కలపకు. ఎవరి చెయ్యి బిగించింది, ఎవరు చూసుకోలేదు అన్న వెతుకులాట నీది కాదు. నువ్వు అడగాల్సింది ఆ తర్వాతి ఏడాది సంగతి. మిగతా విమానాల క్రూ వాళ్ళు తమ తోకల దగ్గరికి వెళ్ళి ఏం విప్పి చూశారు? ఏ నట్టు పారేసి కొత్తది వేశారు? ఎన్ని నట్లు మార్చామో చెప్పేటప్పుడు వాళ్ళు తమ భయం కూడా చెప్పేస్తారు. 2023లో రెనో చివరి రోజున కూడా టీ-6 ఫైనల్ అయ్యాక దిగే సమయంలో రెండు విమానాలు ఢీకొని ఇద్దరు పైలట్లు పోయారు, మిగిలిన రేసులు ఆగిపోయాయి. ఆ సాయంత్రం విమానాల్ని సర్దుకుని ఇంటిదారి పట్టినవాళ్ళని కలిస్తే, వాళ్ళంతట వాళ్ళు ఆ మాట ఎత్తేదాకా ఆగు. ఎత్తకపోతే అడక్కు.

జ్ఞాపకాలని ఎంతవరకు నమ్మాలని ఉత్తరంలో అడిగావు. వేగాలు, సంవత్సరాలు, ఎవరు ఎన్నో స్థానం అన్నవి మనిషి నోటినుంచి తీసుకోకు, అధికారిక ఫలితాల పట్టిక చూసుకో. 1991 ఫైనల్ గంటకు 481 మైళ్ళ సగటుతో గెలిచింది రేర్ బేర్ అని పట్టికలో ఉంటుంది. ఆ రోజు ఓడిన విమానం క్రూ వాడు "మా ఇంజన్ కాస్త సహకరించి ఉంటే మేమే" అంటాడు. అతని మాట అతని పేరు మీదే ఉంచి, పట్టికలోది పక్కనే రాయి. ఎవరిది నిజం అని నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. వాసనలు, మాటలు, ఎవరు ఎవరితో గొడవపడ్డారన్నవి మాత్రం ఏ పట్టికలోనూ దొరకవు, వాటికి ఆ మనుషులే దిక్కు. ఇద్దరు వేరువేరుగా చెప్పింది కలిస్తే ధైర్యంగా వాడుకో.

ఆలస్యం మాత్రం చెయ్యకు. అరవైలలో, డెబ్భైలలో ఈ విమానాల కింద పనిచేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు బాగా పెద్దవాళ్ళయిపోయారు. లైల్ షెల్టన్ 2010లోనే వెళ్ళిపోయాడు. బాబ్ హూవర్ 2016లో. పైలట్ల ఇంటర్వ్యూలు ఎక్కడో ఒకచోట రికార్డయి ఉన్నాయి. ప్లగ్గులు చూసిన పెద్దాయన మాటలు ఎవరూ రికార్డు చెయ్యలేదు.

నువ్వుండే చోటికి కాలిఫోర్నియా చినోలోని ప్లేన్స్ ఆఫ్ ఫేమ్ అనే పాత విమానాల మ్యూజియం దగ్గరే. శని, ఆదివారాలు వద్దు, జనం ఉంటారు. పనిరోజు పొద్దున్నే వెళ్ళు. పాత విమానాల్ని బాగుచేసే రిస్టొరేషన్ హ్యాంగర్ దగ్గర ఎవరైనా ఏదో విప్పుతూ కనిపిస్తారు. ముందు చూస్తూ నిలబడు, చెయ్యి సాయం కావాలా అని అడుగు, ఆ తర్వాతే రికార్డర్ సంగతి, అదీ వాళ్ళు సరేనంటేనే. పాత ఫోటోలు ఉంటే చూపించమను. ఫోటోలో వెనకాల నిలబడ్డవాళ్ళ పేర్లు అడిగి ఫోటో నంబరుతో సహా రాసుకో.

మొదటి మూడు పేజీలు పక్కన పెట్టెయ్యి. ఇంజన్ మార్చిన ఆ ఒక్క రాత్రి మీద కొత్తగా రాసి పంపు, ఎంత పొడవైనా ఫర్వాలేదు. ఈసారి ఫలితాల పట్టిక ముందు పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య