ముందు చెరువు అడుగు చూడు

చిరంజీవి అల్లుడికి,

కరీంనగర్ నుంచి మీ మేనమామ ఆశీస్సులు.

నీకు హనుమకొండకు బదిలీ అయిందనీ, ఇల్లు దొరికిందనీ, సామాను మూటలు విప్పకముందే గాలం కర్రలు ఎక్కడ పెట్టారని అడిగావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పి నవ్వింది. 1987లో మిర్యాలగూడ నుంచి అదే హనుమకొండకు బదిలీ మీద వచ్చినప్పుడు నేను చేసిన పని కూడా అదే కాబట్టి నిన్ను చూసి నవ్వే హక్కు నాకు లేదు. పోయిన ఆదివారం రెండు చెరువులు తిరిగినా ఒక్క చేప కూడా పడలేదని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెబితే సగం మాటలు గాలికి పోతాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం గాలం నేర్చుకున్నది నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద. అక్కడ నీరు నడుస్తుంది, చేప ఆ నీటికి ఎదురుగా నిలబడి ఉంటుంది, మనం కాస్త ఎగువన ఎర వదిలితే నీరే దాన్ని చేప నోటి దగ్గరికి చేరుస్తుంది. వరంగల్ చుట్టుపక్కల ఉన్నవి చెరువులు. ఒక చెరువు నిండి మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే అలుగు) పోస్తే ఆ నీరు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి దిగే గొలుసుకట్టు చెరువులు. మత్తడి పోసే నాలుగు వారాలు తప్ప మిగతా ఏడాదంతా వాటిలో నీరు నిలిచే ఉంటుంది. నిలిచిన నీటిలో ఎర చేపను వెతుక్కుంటూ పోదు, చేప తిరిగే దారి మీద మనమే ఎర పెట్టాలి. ఆ దారి తెలియకుండా ఎంత ఖరీదైన రీలు తిప్పినా నీటి మీద తేలే బెండు కదలదు. నువ్వు రెండు చెరువుల్లో ఖాళీగా కూర్చోవడానికి కారణం ఇదే కానీ నీ చేతిలోని పనితనం తగ్గి కాదు.

దారి సంగతి తర్వాత చెబుతాను. దానికన్నా ముందు తెలుసుకోవలసింది ఆ నీరు ఎవరిదని. సాగర్ కాలువ మీద మనల్ని ఎవరూ ఏమీ అనలేదు కనుక ఈ ప్రశ్న మనకు తోచదు. నాకూ తోచలేదు. వచ్చిన మొదటి నెలలోనే ఒక ఊరి చెరువు కట్ట మీద, చింతచెట్టు నీడ చూసుకుని, కూర్చున్నాను. గంటలో అరచేయంత రవ్వ (రోహు) చేపపిల్లలు మూడు పడ్డాయి. నాలుగోది పడేలోపు తలకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, నా పక్కనే గొంతుకు కూర్చుని, బీడీ ముట్టించుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నా బుట్టలోకి చేయి పెట్టి, ఒక్కొక్క పిల్లనూ తడి అరచేతిలోనే పట్టుకుని తీసి, నీటిలోకి వంగి వదిలిపెట్టాడు. మూడోది పక్కకు ఒరిగిపోతే దాన్ని రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి, అది తోక ఆడించి జారిపోయేదాకా ఆగాడు. అప్పుడు అన్నాడు: "చెరువు సర్కారుదే గని సారూ, పిల్ల మాది. పైసలు జమచేసి పోసినం." అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాడిని. అరవలేదు కాబట్టి ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

చాలా ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. సంఘంలో ఉండేది ముదిరాజులు, గంగపుత్రులు. 2016లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత కూడా వాటిని కాపలా కాసి, దొంగ వలలు పడకుండా చూసుకుని, ఎండాకాలంలో పట్టి అమ్ముకునేది వాళ్ళే. అందువల్ల ఏ చెరువుకు పోయినా ముందు సంఘం అధ్యక్షుడి ఇల్లు అడుగు. మొదటిసారి పోయినప్పుడు గాలం కర్ర వెంట తీసుకుపోవద్దు, కర్ర చూస్తే సంభాషణ వేరుగా మొదలవుతుంది. "ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చుంటాను, పిల్లలు పడితే వదిలేస్తాను, పెద్దది పడితే మీకు చూపించి రేటు కట్టి తీసుకుపోతాను" అని చెప్పు. పదిమందిలో ఏడెనిమిది మంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని చోట మళ్ళీ అడగవద్దు. ఒప్పుకున్న చోట చెరువు కట్టను కాచే దేవత కట్ట మైసమ్మ దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టుకో. భక్తి మాట ఎలా ఉన్నా అది అక్కడి మర్యాద.

ఇక దారి సంగతి. ఇప్పుడు మార్చి మొదటి వారం. ఏప్రిల్ చివరికి చిన్న చెరువులు సగానికి పైగా అడుగంటుతాయి, మే నెలలో కొన్ని పూర్తిగా ఎండుతాయి. ఆ రెండు నెలలు నువ్వు గాలం వేయకుండా చెరువులోకి దిగి నడవాలని నా మాట. కొత్త ఊరిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన పని అదే, అయితే అది తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నిండు చెరువును చూస్తే అంతా ఒకే పలక లాగా కనిపిస్తుంది కానీ ఎండిన చెరువులో దాని కడుపు బయటపడుతుంది. వాగు ఏ వైపు నుంచి వచ్చి చేరుతుందో, ఆ వాగు పాత గాడి చెరువు మధ్యలో నుంచి, పొలాలకు నీరు వదిలే తూము దాకా ఎలా వంకర తిరిగి పోతుందో, ఎక్కడ బండ ఉందో, ఎక్కడ తుమ్మ మొదళ్ళు మిగిలి ఉన్నాయో, ఎక్కడ ఒక్కసారిగా లోతు తిరుగుతుందో అంతా కళ్ళ ముందు ఉంటుంది. ఆ గాడే చేప నడిచే బాట. నీరు నిండిన తర్వాత కూడా రవ్వ, బొచ్చె (కట్ల) చేపలు దాని అంచు పట్టుకునే తిరుగుతాయి. కట్ట మీద ఒక గుర్తు చూసుకుని, ఎదుటి గట్టున ఉన్న తాటిచెట్టుకు సూటిగా గీత గీసుకుంటే గాడి ఎంత దూరంలో ఉందో అక్టోబర్‌లో కూడా తప్పకుండా చెప్పగలవు. నేను నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను. నీకు ఫోన్ ఉంది, కట్ట మీద నిలబడిన చోటు నుంచే ఫోటోలు తీసుకో.

ఎండిన చెరువు చూడమనడానికి ఇంకో కారణం ఉంది, అది చేపలకన్నా పెద్దది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు, పొలాలకు మట్టి తోలుకున్నారు. మంచి పనే. కానీ జేసీబీ తవ్విన చోట మోకాలి లోతు నీరు పక్కనే ఇద్దరు మనుషుల లోతు గుంతకు తిరుగుతుంది, ఆ గుంత అంచు నిట్టనిలువుగా ఉంటుంది. శిఖం వైపు నుంచి, అంటే కట్టకు ఎదురుగా నీరు పలచగా ఉండే వైపు నుంచి, నీటిలోకి నడిచి, చిక్కుకున్న గాలం విడిపించుకోవడానికి పోయే అలవాటు నీకు ఉందని నాకు తెలుసు. కాలువలో అది సాగింది. ఇక్కడ గాలం చిక్కుకుంటే దారం తెంపుకో. పది రూపాయల గాలం అది.

చెరువు నిండిన తర్వాత నాలుగు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. తూము దగ్గర లోతు ఎక్కువ, నీరు వదిలే రోజుల్లో కొద్దిగా కదలిక కూడా ఉంటుంది, బొచ్చె అక్కడే పెద్దది దొరుకుతుంది. మత్తడి పక్కన వానాకాలం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. శిఖం వైపు గడ్డిలో, తామరాకుల కింద కొర్రమట్ట (కొర్రమీను) ఉంటుంది. గాలి కొట్టే వైపు గట్టు నాలుగోది. పొద్దుటి నుంచి గాలి ఒకే దిక్కుకు వీస్తుంటే పురుగూ పుట్రా నురుగూ అన్నీ ఆ గట్టుకు చేరతాయి, వాటి వెంట చిన్న చేపలు, చిన్న చేపల వెంట పెద్దవి వస్తాయి. ముఖాన గాలి కొట్టే చోట కూర్చోవడం ఎవరికీ సుఖంగా ఉండదు కాబట్టి ఆ గట్టు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

కొర్రమట్ట గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన ప్రతివాడికీ దాని మీదే మనసు. మన రాష్ట్ర చేప అది. మొప్పలతో మాత్రమే బతకదు, గాలి మింగడానికి పైకి రావాలి. తెల్లవారుజామున నీరు అద్దంలా ఉన్నప్పుడు ఆకుల మధ్య ఒక్కసారి గుటుక్కుమని చిన్న చప్పుడై, గుండ్రంగా ఒకే అల లేచి ఆగిపోతుంది. వెంటనే విసరకు. కొంతసేపటికి అక్కడికి దగ్గరలోనే మళ్ళీ లేస్తుంది, ఆ రెండు చోట్ల మధ్య గీత మీద రబ్బరు కప్పను ఆకుల మీది నుంచి మెల్లగా లాక్కుంటూ రా. బతికిన కప్పను గుచ్చే పాత పద్ధతి నాకు నచ్చదు, నువ్వూ చేయవద్దు. వానలు పడ్డాక నీటి మీద ఎర్రని నారింజ రంగు పిల్లలు గుంపుగా, ముద్దలా కదులుతూ కనిపిస్తాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది కనిపించినా మీదపడి కరుస్తాయి కాబట్టి పట్టడం చాలా తేలిక. అప్పుడు పట్టినవాడిని నేను గాలగాడు అనను. కాపలా పోతే ఆ పిల్లల ముద్దను మిగతా చేపలు తినేస్తాయి.

ఎర గురించి ఎక్కువ రాయను. ఎర్రల (వానపాముల) కోసం పెంటకుప్పల పక్కన తవ్వు, చల్క (ఎర్ర ఇసుక) నేలలో వెతికి నడుము నొప్పి తెచ్చుకోకు. రవ్వకు గోధుమపిండిలో పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) కలిపి చపాతీ పిండికన్నా గట్టిగా పిసుకు. జిలేబీ (తిలాపియా) చేపలు ఎక్కువగా ఉన్న చెరువులో ఈ ముద్ద అడుగుకు చేరేలోపే కొరికేస్తాయి, అక్కడ మక్క గింజలు నానబెట్టి గుచ్చితే నిలుస్తుంది. ఇంగిలికం చేప పడితే చేత్తో పట్టవద్దు, దాని ముల్లు గుచ్చుకుంటే చేయి మోచేతి దాకా మండుతుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో పెట్టి ఉంచి, దవాఖానకు పో.

పెద్ద నీళ్ళ గురించి నువ్వు అడిగావు. పాకాల చెరువు కాకతీయుల నాటిది, చూస్తే కళ్ళు తిప్పుకోలేము, కానీ అది అభయారణ్యంలో ఉంది. అడవిశాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం బయటికి తీయకు, మొసళ్ళు కూడా ఉన్నాయి. పిల్లలను తీసుకుపోయి చూపించి రా, అంతే. వడ్డేపల్లి, ధర్మసాగర్ నగరానికి తాగునీళ్ళు, వాటి జోలికి పోవద్దు. ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదావరి నీరు వస్తుంది. ఆ నీటితో నింపే చెరువులు ఇంకా ఉన్నాయి. వాటిలో వాన లేకపోయినా నీటిమట్టం పెరుగుతుంది, తగ్గుతుంది, అలా మారిన రోజుల్లో చేప మేత ముట్టదు. నీ ఆదివారం చెరువుల్లో ఒకటి అలాంటిదేనేమో, పంపులు ఎప్పుడు నడుస్తాయో ఊళ్ళో కనుక్కో. భద్రకాళి చెరువు దగ్గర, ముఖ్యంగా బతుకమ్మ రోజుల్లో, గాలం పట్టుకుని తిరగడం బాగుండదు.

గోదావరికి తొందరపడవద్దు. ఏటూరునాగారం, మంగపేట దగ్గర వాలుగ, జెల్ల బాగా పడతాయి, నేనూ పట్టాను. కానీ పైన గేట్లు ఎత్తితే, వాన చుక్క పడకుండానే, ఇసుక తిన్నె చుట్టూ నీరు తిరిగిపోతుంది. మనం నిలబడిన తిన్నె ఒక అరగంటలో ద్వీపం అవుతుంది. పైగా పాతవాళ్ళు చెప్పే చోట్లు ఇప్పుడు నమ్మడానికి లేదు: 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన తర్వాత గేట్లు ఎత్తి నీరు వదిలేశారు, వెనుక నిలిచిన నీటిలో నా స్నేహితులు కూర్చున్న చోట్లు ఇసుకలో తేలాయి. మొదటి ఏడాది చెరువులతో సరిపెట్టుకో. రెండో ఏడాది జనవరిలో, నీరు తేటపడ్డాక, అక్కడి పడవవాడిని వెంటబెట్టుకుని పోదాం, నేనూ వస్తాను.

మృగశిర కార్తె నుంచి శ్రావణం దాటేదాకా గాలం అటక మీద పెట్టు. కొత్త నీటికి చేపలు ఎదురెక్కి గుడ్లు పెట్టే కాలం అది. మత్తడి కింద వలలు పట్టుకుని ఊరంతా నిలబడుతుంది, నిన్నూ పిలుస్తారు, పోవద్దు. ఎవరైనా చేపల కోసం తోటాలు పేల్చినా నీటిలో విషమందు కలిపినా ఆ పక్కన కూడా నిలబడకు, 1897 నాటి చేపల చట్టం నుంచే అది నేరం. ఏప్రిల్, మే నెలల్లో సంఘం వాళ్ళు చెరువు మొత్తం వల లాగుతారు. ఆ రోజు పొద్దున ఆరింటికి కట్ట మీద ఉండి, ఏ మూల నుంచి ఏ చేప ఎక్కువ వచ్చిందో చూడు, రెండు కిలోలు కొనుక్కో, తెప్ప లాగడానికి చేయి సాయం అడిగితే దిగు. నా వరంగల్ స్నేహితుల్లో ముగ్గురు అలా వల లాగిన రోజు పరిచయమైనవాళ్ళే. బీడీ ముట్టించుకున్న ఆ పెద్దమనిషి కొడుకు అందులో ఒకడు, ఇప్పుడు సంఘంలో ఉన్నాడు. అతని నంబరు ఫోన్‌లో పంపిస్తాను, నా పేరు చెప్పు.

ఉగాదికి పిల్లలతో కలిసి ఇక్కడికి రండి. నా పాత వెదురు కర్రలు రెండు ఉన్నాయి, ఒకదానికి చివర చీలింది కానీ దారం చుట్టి బిగించాను, పనికొస్తుంది. నోటుబుక్కు కూడా తీసి పెట్టాను. పూడిక తీయకముందు గీసిన బొమ్మలు కాబట్టి లోతులు నమ్మకు, గాడి మాత్రం చాలా చోట్ల అదే ఉంటుంది. మీ అత్త పులుసుకు చింతపండు కొత్తది కొన్నది.

ఇట్లు,
మీ మేనమామ