మికు గొంతు, లాటరీ టికెట్టు, సోమవారం మూసిన మ్యూజియం

ప్ర: కంప్యూటర్ గొంతుతో పాటలు పాడే హత్సునే మికు సాఫ్ట్‌వేర్ కొన్నాను. ట్యూన్ నాది, సాహిత్యం జపనీస్ తెలిసిన స్నేహితురాలిది. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నా పాట నత్తి కొడుతోంది. మాటలు అర్థం కావట్లేదని రాసిన ఆమే అంటోంది. లోపం ఎక్కడ?

జ: గొంతులో కాదు, అక్షరాల పంపకంలో. మికును పాడించే వోకలాయిడ్‌ ఇంజిన్‌కి ఒక్కో నోటుకు ఒక్కో హిరగానా (జపనీస్ లిపి) అక్షరం ఇవ్వాలి. ఆ లెక్క తెలుగువాళ్లకు కొత్తదేం కాదు, మన మాత్రాఛందస్సే అనుకోండి. దీర్ఘానికి రెండు మాత్రలు. సున్నగానీ ద్విత్వంగానీ వస్తే మనకు ముందక్షరం గురువైనట్టే అక్కడా ఒక మాత్ర పెరుగుతుంది. 'టోక్యో' నాలుగు మాత్రలు, 'సెంపాయ్' నాలుగు, 'కిత్తె' మూడు. ట్యూన్‌లో నాలుగు నోట్లుంటే 'తో-ఓ-క్యో-ఓ' అని పంచండి. రెండే ఉంటే రెండింటినీ సాగదీయండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది దీర్ఘాల దగ్గరే. రాతలో ఆ 'ఓ' దీర్ఘాన్ని 'ఉ' అక్షరంతో చూపిస్తారు. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మికు 'తోఉక్యోఉ' అని పాడుతుంది. కాబట్టి స్పెల్లింగును పక్కనపెట్టి ఉచ్చారణనే ఎక్కించండి. ప్రత్యయాలుగా వచ్చే 'హ', 'హె' అక్షరాలదీ అదే తీరు. అవి 'వ', 'ఎ' అని పలుకుతాయి, అలాగే టైప్ చేయాలి. ద్విత్వం వచ్చిన చోట ముందు నోటును కుదించి చిన్న ఖాళీ వదలండి.

నత్తికి రెండో కారణం హల్లులు. ఈ సాఫ్ట్‌వేర్‌లో బీట్ మీద పడేది అచ్చు. హల్లు దానికి కాస్త ముందే మొదలవుతుంది. 'స', 'ష' లాంటి వాటికి ముందు చోటు లేకపోతే నోరు కట్టేసినట్టు వినిపిస్తుంది. అందుకే పాటను మొదటి బార్ (తాళంలో ఒక ఆవర్తం) మొదటి బిందువు నుంచే ఎత్తుకోకుండా ఒక బార్ ఖాళీ వదలండి. మధ్యలో హల్లు మింగేసినట్టు వినిపిస్తే 'వెలాసిటీ' అనే సెట్టింగు మార్చండి. ఇక్కడ ఆ పేరుకు శబ్ద తీవ్రతతో సంబంధం లేదు, అది హల్లు నిడివి. 64 దగ్గర మొదలయ్యే ఆ విలువను తగ్గిస్తే హల్లు సాగుతుంది, పెంచితే కురచవుతుంది.

ఇంకొక్క మాట. 2007లో వచ్చిన అసలు మికు గొంతుకు, దాన్ని తయారుచేసిన క్రిప్టన్ సంస్థ సూచించిన స్వరాల పరిధి ఏ3 నుంచి ఈ5 వరకు, టెంపో (వేగం) నిమిషానికి 70 నుంచి 150 బీట్లు. దాటితే పాడదని కాదు. మనిషి పాడలేని వేగమే ఈ సంగీతానికి అందమన్నవాళ్లు బోలెడు. కానీ ఆ వేగంలో మాట తెలియాలంటే పైన చెప్పిన దిద్దుబాట్లు ప్రతి నోటుకూ చేయాల్సిందే.

ప్ర: టోక్యోలో ఓ పెద్ద బ్యాండ్ షో చూడాలని ఉంది. టికెట్లు లాటరీలో ఇస్తారట, నిజమేనా? రీసేల్‌లో కొనొచ్చా?

జ: నిజమే. ముందు ఫ్యాన్ క్లబ్ సభ్యులకు లాటరీ, తర్వాత ఈప్లస్, టికెట్ పియా, లాసన్ టికెట్ లాంటి టికెట్లమ్మే సంస్థల దగ్గర మరో విడత లాటరీ, మిగిలితేనే సాధారణ అమ్మకం. బయటి దేశం నుంచి ప్రయత్నించేవాళ్లు మూడు చోట్ల ఆగిపోతారు: జపాన్ ఫోన్ నంబరుకు వచ్చే ఎస్సెమ్మెస్, విదేశీ కార్డును తిప్పికొట్టే చెల్లింపు పేజీ, టికెట్ వచ్చే యాప్. కన్వీనియన్స్ స్టోర్‌లో కట్టే పద్ధతి ఎంచుకుంటే గడువు తేదీ చూసుకోండి, అది దాటితే గెలిచిన టికెట్టూ రద్దే. టూర్ సైట్‌లో విదేశీ ప్రేక్షకులకు వేరే పేజీ ఉందేమో ముందు వెతకండి. ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

రీసేల్ జోలికి పోవద్దు. 2019 జూన్ 14 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, రీసేల్ నిషేధించిన టికెట్లను అసలు ధరకంటే ఎక్కువకు అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే ఏడాది వరకు జైలు, 10 లక్షల యెన్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష అమ్మినవాడికి, కానీ గేటు దగ్గర పేరు, పాస్‌పోర్టు సరిపోక వెనక్కి వెళ్లేది మీరు. రాలేనివాళ్లు అసలు ధరకే వదులుకునే అధికారిక మార్పిడి కొన్ని షోలకు ఉంటుంది, అది సురక్షితం.

మమ్మల్నడిగితే ముందు షిమోకితజావా, కోఎన్జీ లాంటి టోక్యో పేటల్లోని చిన్న లైవ్‌హౌస్‌కు (బ్యాండ్లు వాయించే చిన్న హాలు) వెళ్లండి. చాలా బ్యాండ్లు సందేశం పంపితే టికెట్ పక్కన పెట్టి ఉంచుతాయి, డబ్బు తలుపు దగ్గరే కట్టొచ్చు. 'ఎవరి కోసం వచ్చారు?' అని అక్కడ అడిగితే కంగారు పడొద్దు. ఇన్ని టికెట్లు అమ్ముతామని బ్యాండ్లు హామీ ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది. మీరు చెప్పే పేరు ఆ బ్యాండ్ లెక్కలో పడుతుంది. టికెట్ కాక డ్రింక్ రుసుము మరో 500, 600 యెన్లు, చిల్లర ఉంచుకోండి. టికెట్ మీద వరుస సంఖ్య ఉంటే ఆ క్రమంలోనే పిలుస్తారు. పిలిచినప్పుడు మీరు లేకపోతే ముందు వరుస పోయినట్టే. పెద్ద సంచిని స్టేషన్ లాకర్‌లో పెట్టేసి రండి.

ప్ర: కళా మ్యూజియాలున్న నవోషిమా దీవికి ఒక్క రోజు చాలా? ఏ రోజు వెళ్లాలి?

జ: సోమవారం వద్దు. చిచూ మ్యూజియం ఆ రోజు మూసి ఉంటుంది. సోమవారం సెలవు పడితే తెరిచి, మర్నాడు మూస్తారు. వాస్తుశిల్పి తదావో అందో రూపొందించిన ఈ భవనం 2004లో తెరిచారు. చాలావరకు భూమి లోపలే ఉంటుంది. మోనే, వాల్టర్ డి మారియా, జేమ్స్ టరెల్ అనే ముగ్గురు కళాకారుల కృతులే అక్కడ ఉన్నాయి. లోపల వెలుతురు ఎక్కువగా పగటిదే, మబ్బు రోజు వేరేలా కనిపిస్తుంది. సమయం ముందే బుక్ చేసుకోవాలి, ఆ సమయం చుట్టూ మిగతా రోజును అల్లుకోండి. ఊనో రేవు నుంచి ఫెర్రీ సుమారు 20 నిమిషాలు, తకమత్సు నుంచి 50. ఆఖరి ఫెర్రీ వేళ ఉదయమే రాసిపెట్టుకోండి. దీవిలో సముద్రపు గట్టు మీది, కళాకారిణి యయోయి కుసమా చేసిన పసుపు గుమ్మడికాయ శిల్పం 2021 ఆగస్టు తుఫానులో సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఇప్పుడు చూసేది 2022లో మళ్లీ పెట్టినది. ఒక్క రోజు చాలు, కానీ పక్క దీవులను అందులో ఇరికించకండి.

ప్ర: పాత సీడీల దుకాణాల్లో ఐడల్ గ్రూపుల (జపాన్ పాప్ బృందాలు) ఆల్బమ్‌లు అంత చవగ్గా ఎందుకుంటాయి? డిస్క్ పాడైందా?

జ: డిస్క్ బాగానే ఉంటుంది, లోపల పెట్టిన కాగితమే పోయి ఉంటుంది. కరచాలన కార్యక్రమం టికెట్టు కోసమో, అభిమాన సభ్యురాలికి ఓటేసే కోడ్ కోసమో అభిమానులు ఒకే సీడీని పదులకొద్దీ కొంటారు. కాగితం తీసుకుని డిస్కులు అమ్మేస్తారు. వినడానికైతే బేరమే, సేకరణకైతే కాదు. పక్కన చుట్టే కాగితపు పట్టీ 'ఓబీ' ఉందో లేదో చూడండి, లేకపోతే మళ్లీ అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. అద్దె దుకాణం స్టిక్కరున్నవి ఇంకా చవక. వీడియో డిస్కులతో మాత్రం జాగ్రత్త: జపాన్ డీవీడీ రీజియన్ 2, బ్లూరే రీజియన్ ఏ. మీ ప్లేయర్ రీజియన్ వేరైతే బొమ్మ రాదు. ఆడియో సీడీకి ఈ గొడవ లేదు.

ప్ర: సొంతంగా అచ్చేసుకున్న కామిక్స్ అమ్మే సంత కొమికెట్‌కు కాస్‌ప్లే (కామిక్స్ పాత్రల) వేషంలో హోటల్ నుంచే వెళ్లొచ్చా?

జ: కుదరదు. వేషంతో రావడం, వేషంతో వెళ్లడం రెండూ నిషిద్ధం. టోక్యో బిగ్ సైట్‌లోనే బట్టలు మార్చుకునే గదులుంటాయి, రుసుము కట్టి మార్చుకోండి. పొడవైన ఆయుధాల నమూనాలకు పరిమితులున్నాయి, ఆ ఏటి నియమాలు చదివాకే తయారుచేసుకోండి. ఫోటోలు కేటాయించిన చోటే, అడిగాకే. పుస్తకాలు కొనడానికి 100, 500 నాణేలు, 1000 నోట్లు తీసుకెళ్లండి. బల్ల వెనకున్నవాళ్లు ఎక్కువగా రచయితలే, 10,000 నోటు ఇస్తే చిల్లరకు వెతుక్కోవాలి. ఆగస్టు విడతకైతే నీళ్లు, ఉప్పు బిళ్లలు మర్చిపోవద్దు, బయట క్యూ ఎండలోనే.