తూటా ఇత్తడికి చింతపండు పనికొస్తుందా?

ప్రశ్న: జింకల వేటకని 308 విన్‌చెస్టర్ రైఫిల్ కొన్నాను. కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసులు డబ్బా నిండా పోగయ్యాయి. రీలోడింగ్, అంటే వాటినే మళ్లీ నింపి తూటాలు చేసుకోవడం, నేర్చుకుందామని ఉంది. ముందు వాటిని అమ్మ బిందెలు తోమినట్టు చింతపండుతో తోమితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సాస్

జవాబు: ఆలోచన తప్పేం కాదండీ, ఇత్తడి మచ్చను కరిగించేది పులుపే. కానీ ఆ పిప్పి కేసు లోపల, అడుగునున్న సన్నని రంధ్రంలో ఇరుక్కుంటే తీసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ముందు పాత ప్రైమర్లు (తుపాకి మందును అంటించడానికి కేసు అడుగున ఉండే చిన్న బిళ్లలు) తీసేయండి. తర్వాత వేడినీళ్లలో కాస్త గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి కొద్దిసేపు ఉంచి, బాగా కడిగి ఎండబెట్టండి. రాత్రంతా నానబెడితే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. పైపొరలో జింకు పోతోందన్నమాట.

అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వద్దే వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి దానంతటదే పగిలేది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు.

అసలు మెరుపుకంటే ముందు చూడాల్సింది పగుళ్లు. కేసు మెడ, అంటే గుండును పట్టుకునే సన్నని కొస, చీలితే కంటికి కనిపిస్తుంది. అడుగు దగ్గర లోపలి గోడ పలచబడితే కనిపించదు. పేపర్ క్లిప్పు సాగదీసి, కొసను కొక్కెంలా వంచి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. అడుగుకు కాస్త పైన గాడిలా తగిలిందా, ఆ కేసును ప్లయర్స్‌తో నలిపి పారేయండి. మళ్లీ కాలిస్తే రెండుగా తెగి, వేడి గ్యాసు మీ ముఖం వైపు తన్నవచ్చు.

కాల్చినప్పుడు ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు నొక్కే అచ్చు సైజింగ్ డై. అందులోకి తోసేముందు కేస్ లూబ్ అనే జిడ్డు పలచగా రాయండి, లేకపోతే అక్కడే బిగుసుకుంటుంది. డైలోంచి వచ్చాక కేసు కాస్త సాగుతుంది కాబట్టి కొలత అప్పుడే తీయాలి. లేత్ మీద బతికినవాణ్ణి, కొలత దగ్గర నాకు చాదస్తం ఎక్కువ. 308కి గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, దాటితే 2.005కి కోసి, అంచు లోపలా బయటా గీకాలి. పొడవు మిగిలితే ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) కొసన మెడ నొక్కుకుపోయి గుండును వదలదు, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. వంటింటి సింకు, గిన్నెలు, ఓవెన్ వాడకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తుపాకి మందు ఎంత పోయాలన్నది నన్నడగొద్దు, ఆ పౌడర్ కంపెనీ అచ్చేసిన పుస్తకంలోనే చూసుకోండి.

ఇంకోటి. ఇండియా వచ్చేటప్పుడు ముచ్చటకైనా ఒక్క ఖాళీ కేసు కూడా సూట్‌కేసులో ఉండకుండా చూసుకోండి. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర మీ వేట కబుర్లు వినే ఓపిక ఎవరికీ ఉండదు.