రెడాన్ గీసిన 'సైక్లోప్స్' బొమ్మలో ఆ ఒంటికన్ను రాక్షసుడు అంత దిగులుగా ఎందుకున్నాడు?

ఎందుకంటే అతను ప్రేమలో ఉన్నాడు. గ్రీకు పురాణాల్లో పాలిఫీమస్ అనే ఈ రాక్షసుడు గలాటియా అనే సముద్రకన్య మీద మనసు పడతాడు, ఆమెకేమో ఏసిస్ అనే యువకుడంటే ఇష్టం, చివరికి ఈర్ష్యతో ఏసిస్‌ని బండరాయి విసిరి చంపేస్తాడు. ఫ్రెంచ్ చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ ఆ హత్య జోలికే పోలేదు. పూల మధ్య గలాటియా పడుకుని ఉంటే, కొండ వెనక నుంచి ఆ పెద్ద కన్ను తొంగిచూస్తుంటుంది, అంతే. నాకైతే అందులో క్రూరత్వం కన్నా బెరుకే ఎక్కువ కనిపిస్తుంది. రెడాన్ లాంటి సింబలిస్టు చిత్రకారులకు కావాల్సింది కూడా అదే, కథ కంటే దాని వెనకున్న మనసు. 1914 ప్రాంతంలో వేశాడని చెబుతారు, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో ఉంది. ఆ రంగుల కోసమైనా పెద్ద సైజులో చూడండి.