పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగకండి

మీ తమ్ముడికి 17 ఏళ్లని, పుట్టుకతోనే బుద్ధిమాంద్యమని రాశారు. 18 నిండితేనే పింఛను వస్తుందని బొబ్బిలిలో ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగారు. నిజం కాదమ్మా. 18 ఏళ్లు, 80 శాతం వైకల్యం అన్న షరతులు కేంద్రం ఇచ్చే 300 రూపాయల పింఛనువి. మన ఆంధ్రప్రదేశ్ ఇచ్చే ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛనుకు వయసుతో పని లేదు. వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్లో 40 శాతం, ఆపైన ఉండాలి. కుటుంబ ఆదాయం, భూమి, కరెంటు వాడకం కూడా చూస్తారు. 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు.

అసలు కష్టమంతా ఆ శాతం దగ్గరే. మాది నరసన్నపేట. మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో ఉండవు. మొదటిసారి సదరం శిబిరంలో డాక్టరు గారు "తనే తింటాడా?" అని అడిగితే "తింటాడండీ" అన్నాను. నా బిడ్డకు చేతకాదని నలుగురిలో ఎలా చెప్పను? అన్నం కలిపి, ముద్దలు చేసి, కంచం కదలకుండా నేను పట్టుకుంటేనే తింటాడన్న మాట నోట రాలేదు. నడుస్తాడా అంటే గోడ పట్టించి నాలుగడుగులు వేయించి మరీ చూపించాను. 35 శాతం వేశారు. శ్రీకాకుళం నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

మళ్లీ వెళ్లినప్పుడు వాడికి ఎవరి సాయం ఎక్కడ కావాలో నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లాను: బొత్తాలు, స్నానం, మెట్లు, రాత్రి ఎన్నిసార్లు లేపాలి. అదంతా చదివి వినిపించాను. ఈసారి 60 శాతం వచ్చింది. మీ అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పండి. తమ్ముడి పాత వైద్యం కాగితాలు, బడి కాగితాలు ఉంటే ఒక్కటీ వదలకుండా తీసుకెళ్లండి. సర్టిఫికెట్ చేతికి రాగానే అది శాశ్వతమా, తాత్కాలికమా చూసుకోండి. తాత్కాలికమైతే గడువు తేదీ రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. ఆధార్‌లో 15 ఏళ్లు దాటాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. మేము ఇవ్వలేదు. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి పింఛను తెచ్చి, వాడి పిడికిలి నేను మెల్లగా విప్పి పట్టుకుంటే, ఒక్కో వేలూ యంత్రం మీద పెట్టి చూసింది. ఏదీ పడలేదు. చివరికి కంటిపాపతో సరిపోయింది. మీ తమ్ముడికి 17 కదా, ఆ పని అయిందో లేదో ఈ వారమే చూడండి.